నలభై ఇళ్ల ఫ్యాన్

కరెంటును పొదుపు చేయాలంటే ముందు దాన్ని వృథా చేసి ఉండాలి. ఇది ప్రకృతి నియమం కాదు. అంతకంటే గట్టిది, పొదుపు ఫ్యాన్ల పథకంలో నాలుగో నిబంధన. కరెంటు ఎక్కువ తాగే పాత ఫ్యాన్ తెచ్చి అప్పగించిన ప్రతి పేద ఇంటికీ తక్కువ తాగే కొత్త ఫ్యాన్ ఉచితంగా ఇస్తారు. పాత ఫ్యాన్ కూడా లేనంత పేదవాళ్ల గురించి నిబంధన ఏమీ అనదు. (మర్యాద గల నిబంధన.)

మా ఇంట్లో కరెంటుతో నడిచేది ఒక బల్బు. కరెంటు లేకుండా నడిపించేది మా అత్తయ్య. రెండు నెలలుగా మంచం మీద నుంచే నడిపిస్తోంది. పైన రేకులు, కింద చెమటకు తడిసిన పరుపు. వీపంతా పుండ్లు పడ్డాయి. ఆసుపత్రి నర్సమ్మ వచ్చి చూసి, "మందు నేనిస్తాను, గాలి మీరు తెచ్చుకోండి" అంది.

తెద్దామనే పొదుపు కార్యాలయానికి వెళ్లాను. గుమాస్తా దరఖాస్తు ముందు పెట్టుకుని పెన్ను మూత తీశాడు.

"రాయడం వచ్చా పెద్దమ్మా?"

రాదని చెప్పి ఉంటే ఈపాటికి మా ఇంట్లో ఫ్యాన్ తిరుగుతుండేది. కానీ నేను అరవై రెండేళ్లకు వయోజన విద్య క్లాసులో అక్షరాలు దిద్దినదాన్ని. ఆ ప్రశ్న ఎవరైనా ఎప్పుడు అడుగుతారా అని రెండేళ్లుగా కాచుకుని ఉన్నాను. "భేషుగ్గా వచ్చు" అని కాగితం లాక్కున్నాను. గుమాస్తా మొహం చిన్నబోయింది. అసూయ అనుకున్నాను.

ఇంట్లో ఉన్న పాత ఫ్యాన్లు? లేవు. అవి రోజుకు తిరిగే గంటలు? లేవు. నెలకు వృథా అయ్యే కరెంటు? లేదు. ఒక్క గడి ఖాళీ వదల్లేదు. కింద సంతకం చేసి, సంతకం కింద గీత కూడా గీశాను.

పొదుపు అధికారి అది చదివి చాలాసేపు బాధపడ్డారు.

"అమ్మా, మీరు ఏమీ వృథా చేయడం లేదు. ఇక మేం ఆదా చేసేదేముంది?"

"ఫ్యాన్ ఇవ్వండి, చేస్తాను."

"ఇస్తే మీ వాడకం పెరుగుతుంది. మా పథకం ఉన్నదే తగ్గించడానికి."

వాదనలో తప్పేమీ కనిపించలేదు. సున్నాలోంచి తీసివేత మాకు క్లాసులో చెప్పలేదు. అయినా ఆయన వట్టి చేతులతో పంపలేదు. 'వృథారహిత ఆదర్శ గృహిణి' అని దళసరి అట్ట మీద ప్రశంసాపత్రం ఇచ్చారు.

దాన్ని అత్తయ్యకు పైకి చదివి వినిపించాను.

"చదివింది చాల్లే. ఇలా తిప్పి విసురు" అంది.

విసిరాను. చెయ్యి పీకినప్పుడల్లా ఆపాను. (దీన్నే కరెంటు కోత అంటారు.)

ఆ వారమే పక్క వాటాలో ఇస్త్రీ చేసే ఆమెకు కొత్త ఫ్యాన్ వచ్చింది. ఆమె ఇంట్లోనూ పాత ఫ్యాన్ ఎప్పుడూ లేదు.

"నువ్వేం రాశావే?" అని అడిగాను.

"రాయడం వస్తే కదక్కా. వేలు పెట్టమన్నాడు, పెట్టాను. మిగతాదంతా ఆ గుమాస్తానే చూసుకున్నాడు."

మళ్లీ వెళ్లి చూస్తే అర్థమైంది. కార్యాలయం మూలన ఒక రెక్క విరిగిన తుప్పు ఫ్యాన్ ఉంది. వేలిముద్ర వేసిన ప్రతివాళ్ల కాగితంలోనూ గుమాస్తా దాన్నే పాత ఫ్యాన్‌గా రాస్తాడు. రికార్డుల ప్రకారం ఆ ఫ్యాన్ ఒకే వేసవిలో నలభై ఇళ్లలో తిరిగింది. చదువు రానివాళ్ల మీద దయ చూపమని నోటిమాటగా ఆదేశం ఉందట. చదువు వచ్చినవాళ్లకు నిబంధనలున్నాయి.

"నాయనా, నాకు చదువు రాదు" అన్నాను.

"మొన్న గీత కూడా గీశారు కదా పెద్దమ్మా."

"మరిచిపోయాను."

అతను అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "మరిచిపోయారని మీ పంతులమ్మ చేత రాయించుకు రండి."

పంతులమ్మ గతుక్కుమంది. "పిన్నిగారూ, మా క్లాసులో నూటికి నూరు మందీ పాసయ్యారని పైకి పంపేశాను. మీరు మరిచిపోతే ఎలా?"

ఆమెను ఇంటికి తీసుకొచ్చి, అత్తయ్యను పక్కకు తిప్పి వీపు చూపించాను. పంతులమ్మ కాగితం తీసింది. గుమ్మంలో నిలబడే రాసింది: 'ఈమెకు అక్షరం ముక్క రాదని ధ్రువీకరించడమైనది.'

మూడుసార్లు చదువుకున్నాను. చక్కగా రాసింది.

వేలిముద్ర వేసి వచ్చాను. తుప్పు ఫ్యాన్‌కు మాది నలభై ఒకటో ఇల్లు. ఇక నాకు నిజంగా చదువు రాదా అని కార్యాలయం వాళ్లు ఇంటికి వచ్చి విచారణ చేయడమే మిగిలింది. ఏ రోజు వస్తారో చెప్పరట. అందుకని పలక, పుస్తకాలు, పెన్ను బియ్యం డబ్బాలో దాచాను. ప్రశంసాపత్రం ఒక్కటే బయట ఉంచాను, అత్తయ్యకు విసరడానికి. గుమ్మంలో చెప్పుల చప్పుడైతే దాన్ని తలకిందులుగా పట్టుకుంటున్నాను.