కన్నం కింద కుర్చీ

ఆ పొద్దున సాయన్న పంతులుకు ఉన్న పని ఒక్కటే. బడిలో ఉన్న ఒకే ఒక్క చేతుల కుర్చీని సరిగ్గా కన్నం కిందికి తేవాలి. తెచ్చాడు. నాలుగడుగులు వెనక్కి వేసి చూశాడు. మనసు ఒప్పలేదు. మళ్ళీ ముందుకొచ్చి కుర్చీని జానెడు తూర్పుకు జరిపి, నడుం మీద చేతులు పెట్టుకుని, పైన కనబడే ఆకాశాన్ని పరీక్షగా చూశాడు. ఈసారి కుదిరింది.

గద్వాలలో మగ్గాలవాడ బడి కప్పుకు పడిన కన్నం ఆషామాషీ కన్నం కాదు. నిరుటి వానల్లో ఒక వాసం విరిగి, దాని మీది పెంకులన్నీ నేలకు దిగాక, దూడ దూకేంత మేర ఆకాశం మిగిలింది. ఎక్కి బాగుచేద్దామంటే మిగతా వాసాలు మనిషి బరువు మోసేలా లేవు. కప్పు మొత్తం మార్చాలి. అది మగ్గాలవాడ తాహతుకు మించిన పని. హైదరాబాదులో చదువుల వ్యవహారం చూసే తాలీమాత్ దఫ్తరుకు పంతులు పెట్టుకున్న అర్జీలు ఏ బీరువాలో నిద్రపోతున్నాయో గానీ, అక్కడి నుంచి హుకుం మాత్రం చురుగ్గా వచ్చింది. వానలు ముదిరేలోగా కప్పు లేకపోతే బడి మూసేయాలి. మూస్తే ఆ వాడ పిల్లలకు తెలుగు అక్షరం దిద్దించే చోటు మరొకటి లేదు. ఆడపిల్లా మగపిల్లాడూ అని లేకుండా అందరూ మగ్గం గుంతలోకి దిగాల్సిందే. అది తలచుకుంటే పంతులుకు అన్నం సహించడం లేదు.

కన్నం వల్ల మేలు కూడా లేకపోలేదు. బడికి గడియారం లేదు. పొద్దున పడమటి గోడ మీద వాలిన ఎండబిళ్ళ రోజంతా మెల్లగా తూర్పుకు జరుగుతుంది. గోడ దిగితే ఎక్కాలు, గది నడుమకు వస్తే అన్నం వేళ, గడప ఎక్కితే ఇంటికి. మిట్టమధ్యాహ్నం ఆ బిళ్ళ ఎక్కడ ఉంటుందో పంతులుకు కళ్ళు మూసుకున్నా తెలుసు. కుర్చీ పడింది అక్కడే. అందులో కూర్చోబోయేది ఆ రోజు బడి చూడవస్తున్న నాగర్‌కర్నూలు వకీలు నరహరిరావు. రాజధానిలో చట్టాలు చేసే కౌన్సిలుకు వకీళ్ళంతా కలిసి ఎన్నుకున్న మెంబరు.

"మెంబరు సాబును ఎండల కూసుండవెడ్తవా, పంతులూ?" అన్నాడు చిన్నయ్య. ఆయన మగ్గాల ఆసామి, బడి కమిటీకి పెద్ద.

"కూసుండవెట్టాలె. ఇగ కాయితాలతోని పని గాదు. నెత్తి సుర్రుమంటె ఆయనే పైకి జూస్తడు. జూస్తె ఆకాశం గనవడ్తది. మనం నోరు దెరవొద్దు చిన్నయ్యా, కన్నమే మాట్లాడాలె."

"ఇంటికొచ్చిన మనిషి గద. తప్పు గాదా?"

"తప్పెట్లయితది? కౌన్సిల్ల మన దిక్కు ఒక్క మాట అనేటోడు దొరికిండు. గీ పొద్దు దాటితె మల్ల దొరకడు."

చిన్నయ్య తలూపాడు. పంతులు టాంగా ఎక్కి స్టేషనుకు బయల్దేరాడు. తలూపిన పిల్లలందరికీ పాఠం ఎక్కినట్టు కాదని ఏళ్ళ తరబడి చూసిన మనిషే, ఆ పూట ఎందుకో ఆ సంగతి మరిచిపోయాడు.

రైలు బాగా ఆలస్యంగా వచ్చింది. అందులోంచి దిగిన మనిషిని చూసి పంతులు దండం పెట్టడం కూడా మరిచి నిలబడిపోయాడు. గుమ్మాలకు తల వంచాల్సినంత ఎత్తు, నల్ల షేర్వాణీ, తల మీద టోపీ, చేతిలో వెండి పొన్ను కర్ర. చట్టమనేది ఎక్కడో పుట్టి, తపాలాలో వచ్చి నెత్తిన పడుతుందని మాత్రమే పంతులుకు తెలుసు. దాన్ని చేసే చోట కూర్చునే మనిషి ఇలా రైలు దిగి, చెమట తుడుచుకుని, "ఇక్కడ మంచినీళ్ళు దొరుకుతయా?" అని అడగడం ఆయనకు వింతల్లో వింతగా ఉంది. టాంగాలో తన మోకాలు ఆ షేర్వాణీకి తగలకుండా ఒక మూలకు ఒదిగి కూర్చున్నాడు.

సగం దారిలో కాస్త ధైర్యం చిక్కింది. "మా బడి కప్పు జర ఖరాబున్నది, వకీలు సాబ్," అన్నాడు.

నరహరిరావు నవ్వాడు. బాగా అలసిపోయిన నవ్వు అది. "అందరి కప్పులు ఖరాబే ఉంటయి, పంతులుగారూ. మొన్న వనపర్తి దిక్కు ఒక ఊర్లె బడికి సగం కప్పు లేదు. చూసి నాకు కండ్లల్ల నీళ్ళొచ్చినయి. మొఖం కడుక్కుందమని బడెనుకకు పోతె పెంకులన్ని ఒద్దికగ పేర్చి ఉన్నయి. నేనొస్తున్ననని పొద్దుగాల్నే దింపిండ్రట. ఉప్పునుంతల దారిల ఇంకొక ఊర్లె పిల్లలందరికి చినిగిన అంగీలు తొడిగిండ్రు. అవి పక్కూరి నుంచి అరువు దెచ్చిన అంగీలు. ఇగ ఒట్టు పెట్టుకున్న. చూపెట్టిన గరీబీని నేను నమ్మను."

పంతులుకు జానెడు తేడా కూడా లేకుండా సర్ది వచ్చిన కుర్చీ కళ్ళ ముందు మెదిలింది. అబద్ధాల పెంకులు చూసి చూసి ఉన్న ఈ మనిషి, ఆ కుర్చీని చూడగానే కిటుకు పట్టేస్తాడు. నిజమైన కన్నం కూడా అబద్ధపు కన్నాల జాబితాలో చేరిపోతుంది. ఆ కుర్చీని, వీలైతే ఆ కన్నాన్ని కూడా ఎలాగైనా కనబడకుండా చేయమని పంతులు లోలోపల జమ్ములమ్మ తల్లికి మొక్కుకున్నాడు.

తల్లి ఆలకించింది. కాస్త ఎక్కువగానే ఆలకించింది.

వాడ మొదట్లోనే తేడా తెలిసింది. వీధి పొడుగునా నీళ్ళు చల్లి ముగ్గులు పెట్టి ఉన్నాయి. బడి గుమ్మానికి అటూ ఇటూ కొత్త చీరలు వేలాడుతున్నాయి. మెంబరు టాంగా దిగి, ఆ గుమ్మం ముందు ఏమనుకున్నాడో ఏమో, ఎవరూ అడగకుండానే బూట్లు విప్పాడు.

లోపల అడుగుపెట్టిన పంతులుకు ఎవరి బడికి వచ్చాడో అర్థం కాలేదు. పెచ్చులూడిన గోడలు లేవు. విరిగిన వాసం లేదు. వాడలో మగ్గాల మీంచి దిగిన చీరలన్నీ గోడలెక్కాయి. పైన ఈ చివర నుంచి ఆ చివరకు చీరలు కలిపి కట్టిన చాందినీ. సరిగ్గా కుర్చీకి పైన, నడుమ తెల్లటి నూలు, అటూ ఇటూ జానెడు ఎర్రపట్టు అంచు, అంచు నిండా జరీ హంసలు ఉన్న చీర. కన్నంలోంచి దిగిన ఎండ ఆ బట్టలోంచి వడబోసుకుని గదంతా పరుచుకుంది. వరుసగా నిలబడ్డ పిల్లల మొహాలు పసుపు రాసినట్టు మెరుస్తున్నాయి. నేల మీద హంసల నీడలు బారులు తీరాయి. ఇన్నేళ్ళుగా ఈ వాడలో మగ్గాల చప్పుడు మీద గొంతు పెంచి పాఠాలు చెబుతున్నాడే గానీ, ఆ చప్పుడులోంచి పుట్టేది ఇదని పంతులు తలెత్తి చూడటం అదే మొదటిసారి. తను తెచ్చిన అతిథిని, కప్పును, హుకుంను అన్నింటినీ మరిచి అలాగే చూస్తూ ఉండిపోయాడు.

చిన్నయ్య వచ్చి చెవిలో గొణిగాడు. "నేను చెప్పి చూసిన పంతులూ. హన్మమ్మవ్వ ఇనలే. సుట్టాన్ని ఎండల కూసుండవెడ్తె వాడ ఇజ్జత్ ఏంగావాలె అన్నది. ఆమె ఒక చీర దెస్తె పక్కింటోళ్ళు రెండు దెచ్చిండ్రు. ఇగ ఆగలే."

తలుపు పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డ హన్మమ్మ నేతపనిలో వాడ అందరికంటే పెద్ద చెయ్యి. ఆమె మాట దాటే మగ్గం అక్కడ లేదు. ఆమె మనుమరాలు అలివేలు ఈ బడిలోనే చదువుతోంది.

"నడుమ కట్టింది కోట చీర," అన్నాడు చిన్నయ్య ఇంకా గొంతు తగ్గించి. "రాణివాసానికని అవ్వ చలికాలం నుంచి నేసింది. రేపు కోటకు పోవాలె."

నరహరిరావు కుర్చీలో కూర్చుని, పైకి చూసి, జరీ హంసలను ఒక్కొక్కటిగా లెక్కపెట్టాడు. చట్టాల సభలో కూడా ఆయన ఇంత శ్రద్ధగా కూర్చుని ఉండడు. చివరకు, "రాజధానిల పెద్ద పెద్ద మహళ్ళు జూసిన. గిట్లాంటిది యాడ చూడలే," అన్నాడు. పంతులు ఛాతీ పొంగింది. అంతలోనే మెంబరు అసలు మాట అన్నాడు. "ఇంత వైభవమున్న వాడకు సర్కారు ఇమ్దాదు పైసలు ఎందుకు, పంతులుగారూ? మా నాగర్‌కర్నూల్ల బడికి బల్లలు గుడ లెవ్వు. మీరే ఏమన్న సాయం జేస్తె బాగుంటది."

"అట్లనే సాబ్, తప్పకుండ," అన్నాడు చిన్నయ్య చేతులు జోడించి. అతిథి అడిగితే లేదనడం ఆయనకు చిన్నప్పటి నుంచీ చేతకాదు.

పంతులు లెక్క వేసుకున్నాడు. కప్పు అడగడానికి పిలిచిన మనిషికి బల్లలు బాకీ పడ్డారు. పైన కన్నముందని ఇప్పుడు చెబితే మెంబరు నమ్మకుండా నవ్వుతాడు. చెప్పకపోతే బడి పోతుంది. అంతలో గదిలో వెలుగు తగ్గింది. జరీ నల్లబడింది. నేల మీది హంసలు ఒక్కొక్కటిగా మాయమయ్యాయి. దూరంగా ఉరిమింది. మృగశిర కార్తె వాన మరి, ఎవరినీ అడిగి రాదు.

పెంకుల మీద మొదటి చినుకులు టపటపమన్నాయి. చాందినీ తెలుపు మీద నాణెమంత తడి మచ్చ ఒకటి తేలింది. దాని పక్కన మరొకటి. ఇంకాసేపట్లో తడి ఎర్రపట్టు దాకా పాకుతుంది. అంచు రంగు నూలులోకి దిగుతుంది, చీర పాడవుతుంది. పంతులుకు తెలుస్తూనే ఉంది, ఇప్పుడు తను చేయవలసింది ఏమీ లేదని. ఊరకే ఉంటే చాలు. పొద్దున అనుకున్నట్టే కన్నం మాట్లాడుతుంది, మెంబరు నెత్తి మీదే మాట్లాడుతుంది.

పంతులు హన్మమ్మ వైపు చూశాడు. సుట్టం ముందు కట్టిన బట్ట విప్పమని ఆమె ప్రాణం పోయినా అనదు. ముడతలు పడిన వేళ్ళు మాత్రం కొంగును ముడివేస్తూ విప్పుతూ ఉన్నాయి. అది చూసి పంతులుకు దుఃఖం ఆగలేదు.

"లేవండి సాబ్," అన్నాడు. అంత పెద్ద మనిషితో అలా అనగలనని ఆయనకే తెలియదు. "అది కోట చీర. తడుస్తున్నది. విప్పాలె. మీకొక్కరికే ముడి అందుతది."

మెంబరు అయోమయంగా లేచాడు. తర్వాత, ఏ చట్టమూ చెప్పకపోయినా, కుర్చీ ఎక్కి రెండు చేతులూ చాచి ముడులు విప్పసాగాడు. పంతులు ఒక కొస, చిన్నయ్య ఇంకో కొస పట్టారు. చీర జారి హన్మమ్మ చేతుల్లో పడింది. అదే క్షణంలో వాన జోరందుకుంది. దూడ దూకేంత కన్నంలోంచి ఆ వాన మొత్తం కుర్చీ మీద నిలబడ్డ కౌన్సిలు మెంబరు మీద పడింది.

ఆయన దిగలేదు. తడుస్తూ, తలెత్తి, విరిగిన వాసాన్నీ దాని వెనక ఉన్న మబ్బునూ చూస్తూ నిలబడ్డాడు. టోపీ అంచుల నుంచి నీళ్ళు కారుతున్నాయి.

"ఇంత కన్నం పెట్టుకొని," అన్నాడు చివరకు, "దాన్ని దాచిండ్రా?"

హన్మమ్మ చీరను పొట్టకు హత్తుకుని, అంచు పొడిగానే ఉందని వేలితో తడిమి చూసుకుని, అప్పుడు జవాబు చెప్పింది. "ఇంటికొచ్చినోళ్ళకు సినిగిన సాప ఏస్తమా, అయ్యా?"

నరహరిరావు కుర్చీ దిగాడు. షేర్వాణీ పిండుకున్నాడు. "కన్నాలు చూపెట్టినోళ్ళను శానమందిని జూసిన, పంతులుగారూ. దాచినోళ్ళను ఇప్పుడే చూస్తున్న. నేను కౌన్సిల్ల గీ మాటనే జెప్త," అన్నాడు. పంతులు తన పైపంచె తీసి ఆయన చేతికిచ్చాడు. చిన్నయ్య మాత్రం నాగర్‌కర్నూలుకు బల్లలు ఎప్పుడు పంపాలని మర్యాదగా అడిగాడు. అవి వద్దని మెంబరు ఆయనకు గట్టిగానే చెప్పవలసి వచ్చింది.

కౌన్సిల్లో ఆయన ఏమి మాట్లాడాడో మగ్గాలవాడకు తెలియదు గానీ, వానలు ముదరకముందే వాసాలు వచ్చాయి, పెంకులు వచ్చాయి, ఎక్కేవాళ్ళు కూడా వచ్చారు. హుకుం రద్దయింది. అలివేలు పెద్దబాలశిక్షలో సగం దాటింది. కోట చీర కోటకు చేరింది. కొత్త కప్పు కింద నిలబడి పంతులు రోజుకు నాలుగుసార్లు తలెత్తి చూసుకునేవాడు.

చిక్కల్లా ఒక్కటే. గదిలో ఇప్పుడు ఎండబిళ్ళ లేదు. ఎక్కాలు ఎప్పుడు మొదలుపెట్టాలో, అన్నానికి ఎప్పుడు వదలాలో ఎవరికీ తెలియడం లేదు. ఒకరోజు పిల్లలు దీపాల వేళ దాకా బడిలోనే ఉండిపోతే, తల్లులు వెతుక్కుంటూ వచ్చారు. గడియారం కోసం తాలీమాత్ దఫ్తరుకు రాద్దామా అని పంతులు ఆలోచించి, ఆ దఫ్తరు సంగతి గుర్తొచ్చి ఊరుకున్నాడు.

చివరకు ఎండబిళ్ళ కోసం కప్పు నడుమ నుంచి ఒకే ఒక్క పెంకు తీయించాడు. మెంబరు సాబు మళ్ళీ వస్తే దానికి అడ్డం కట్టడానికని హన్మమ్మ జానెడు జరీ గుడ్డ నేసి సిద్ధంగా పెట్టింది.