అయిదు లీటర్లకి నూరు మిల్లీ

మా పెరట్లో ఒక షెడ్డు ఉంది. పది అడుగుల పొడవు, ఎనిమిది అడుగుల వెడల్పు, రేకుల కప్పు. ప్రపంచంలో నాకంటూ మిగిలిన చోటు అదొక్కటే. అది పోయే పరిస్థితి వచ్చింది కాబట్టే నేను మోటారు రంపం పట్టుకోవలసి వచ్చింది. లేకపోతే పెన్సిల్ చెక్కడానికి కూడా పక్క సీటువాడి సాయం తీసుకునే గుమాస్తాని నేను.

బుధవారం మా మామగారు దిగారు. మూడు నెలలుంటారట. ఆయన ముప్పయ్యేళ్లు కలప డిపోలో రంపాల మెకానిక్‌గా చేసి రిటైరయ్యారు. ఆయనతోపాటు రెండు పెట్టెల పనిముట్లు, ఒక కొత్త మోటారు రంపం దిగాయి. బట్టలు మాత్రం చిన్న చేతిసంచీలో వచ్చాయి.

"ఏమండీ, నాన్న పనిముట్లు పెట్టుకోడానికి ఆ షెడ్డు ఖాళీ చేయండి" అంది మా ఆవిడ.

"కుదరదు. అది నా వర్క్‌షాపు."

"ఏం వర్క్‌షాపు? మడత మంచం, దిండు, పాత వారపత్రికలు. ఇంకేమున్నాయి అందులో?"

"దిండు కూడా పనిముట్టే."

"ఏ పనికి?"

నేను ఆలోచించాను. "మోకాళ్ల కింద వేసుకోడానికి. కిందికి వంగి చేసే పనులుంటాయి."

"పదకొండేళ్ల కాపురంలో మీరు వంగింది చెప్పులు వెతుక్కోడానికే" అంది.

మా ఆవిడ మందుల షాపు నడుపుతుంది. కొలత లేకుండా మాట కూడా వాడదు. ఇంట్లో ఉప్పు డబ్బా మీద, పంచదార డబ్బా మీద, ఆఖరికి టార్చిలైటు మీద కూడా షాపు నుంచి తెచ్చిన లేబుల్ అంటించి గుండ్రటి అక్షరాలతో పేరు రాస్తుంది. లేబుల్ లేని వస్తువు ఆ ఇంట్లో నేనొక్కణ్ణే.

"సరే, ఒక పని చేద్దాం" అంది. "మొన్నటి గాలికి గేటు ముందు చెట్టు పడింది. నేను రోజూ పక్కకి తిరిగి లోపలికి వస్తున్నాను. శనివారం మధ్యాహ్నం పన్నెండులోగా నాన్న రంపంతో మీరే దాన్ని కోసేస్తే షెడ్డు మీది. లేకపోతే నాన్నది."

"పన్నెండు దాకా ఎందుకు? పదిన్నరకే అవుతుంది" అన్నాను. నా నోటికి బ్రేకులు లేవని నాకు తెలుసు.

మామగారు నెమ్మదిగా అడిగారు. "రంపం ఎలా నడపాలో చూపించనా బాబూ?"

"ఎందుకండీ, నేను చూడని రంపాలా?" అన్నాను. నిజమే, ఆయన పెట్టెలో నాలుగు చూశాను.

ఆయన పాపం, రంపం తాలూకు పుస్తకం నా చేతిలో పెట్టి టీ తాగడానికి వెళ్లిపోయారు.

మర్నాడు ఆఫీసులో సర్వం సార్‌ని పట్టుకున్నాను. అసలు పేరు వేరే ఉంది కానీ, ఆయనకి తెలియని విషయం లేదు కాబట్టి అందరం అలాగే పిలుస్తాం. "రంపంలో రెండే రెండు విషయాలోయ్" అన్నాడు ఆయన. "పెట్రోల్లో నూనె కలపాలి. కలపకపోతే ఇంజన్ లోపల పట్టేసి చచ్చిపోతుంది. రెండోది, పొగ వస్తే కార్బొరేటర్ మీద రెండు మరలుంటాయి, వాటిని కాస్త కాస్త తిప్పాలి. అంతే."

రెండు విషయాలు. నా బుర్రకి సరిగ్గా సరిపోయే సంఖ్య.

శనివారం వచ్చింది. మా ఆవిడ షాపుకి వెళ్లింది. మామగారు వాకింగుకి వెళ్లారు. చెట్టూ, రంపమూ, నేనూ మిగిలాం.

షెడ్డు ముందు అయిదు లీటర్ల పెట్రోలు డబ్బా ఉంది. పక్కన నూనె సీసాల అట్టపెట్టె. పుస్తకం తెరిచాను. 'యాభై పాళ్ల పెట్రోలుకి ఒక పాలు నూనె' అని ఉంది. లెక్క వేశాను. అయిదు లీటర్లకి నూరు మిల్లీ. మళ్లీ వేశాను, అయిదు మిల్లీ వచ్చింది. మూడోసారి వేసి, రెండుసార్లు వచ్చిన జవాబే నిజమని తీర్మానించాను.

అట్టపెట్టెలో మూడు సీసాలు పట్టే గూళ్లున్నాయి. ఉన్నది ఒక్కటే సీసా. సరిగ్గా నూరు మిల్లీ. షాపువాడు రెండు సీసాలు తక్కువిచ్చి మామగారిని మోసం చేశాడని జాలిపడి, ఆ ఒక్కటీ డబ్బాలో ఒంపాను. పెట్రోలు చిక్కటి ఆకుపచ్చగా, కషాయంలా ఉంది. ఎంత బాగా కలిసిందో అనుకున్నాను.

పెట్రోలు రంపంలో నింపి, మామగారి శిరస్త్రాణం పెట్టుకున్నాను. ముఖానికి జాలీ, చెవులకి మందపాటి డిప్పలు. చెవులకి డిప్పలు పెట్టుకున్నాక ప్రపంచం ఎంత ప్రశాంతంగా ఉంటుందో మొదటిసారి తెలిసింది. పెళ్లిలోనే ఇవ్వాల్సింది.

తాడు లాగాను. పలకలేదు. మళ్లీ లాగాను. పదకొండోసారి నేను పడిపోబోతుండగా రంపం లేచింది. దానితోపాటు పొగ లేచింది.

మామూలు పొగ కాదు. ముందు నా చేతులు కనబడడం మానేశాయి. తరవాత చెట్టు కనబడడం మానేసింది. కాసేపటికి మా ఇల్లు కూడా లేదు.

రంపం ఆపాను. పొగ వస్తే మరలు తిప్పాలి కదా! స్క్రూడ్రైవర్ తీసుకుని వెతికాను. కార్బొరేటర్ మీద మరలు లేవు. పక్కన లేవు, వెనక లేవు. రంపాన్ని చంటిపిల్లాడిలా ఒళ్లో పడుకోబెట్టి తిరగేశాను. అడుగున ఒకే ఒక్క మర దొరికింది. రెండు ఉండాల్సిన చోట ఒకటే ఉంది కాబట్టి రెండింటి వంతూ దీన్నే తిప్పాను. ఆగిపోయేదాకా.

మళ్లీ లాగాను. ఈసారి పొగతోపాటు కొత్త వింత. చెయిను మీంచి నల్లటి జిడ్డు పిచికారీలా ఎగిరి గోడ మీద గీత గీసింది. నేనెటు తిరిగితే గీత అటు వచ్చింది. గోడ దాటి ఎదురింటి దండెం మీద ఆరేసిన తెల్ల దుప్పట్ల మీదికీ వెళ్లింది.

పొగలో ఒక సందు దొరికి చూస్తే, ఎదురింటి పిన్నిగారు మేడ మీద నిలబడి రెండు చేతులూ ఊపుతున్నారు. ఆవిణ్ని మేం చాటుగా సైరన్ పిన్నిగారంటాం. నా చెవులకి డిప్పలున్నాయి కాబట్టి సైరన్ వినబడలేదు. చేతులు మాత్రం కనబడ్డాయి. ఒక ఆడమనిషి నా శ్రమని గుర్తించి మెచ్చుకోవడం పదకొండేళ్లలో అదే మొదలు. నేనూ చెయ్యి ఊపాను.

ఆవిడ ఇంకా గట్టిగా ఊపారు. నేనూ ఇంకా గట్టిగా ఊపాను.

అప్పుడు ఎర్రటి వాహనం ఒకటి మా గేటు ముందు ఆగింది. నలుగురు దిగారు. వాళ్లూ చేతులు ఊపారు. ఇంతమంది ఎందుకు వచ్చారా అని నేను ఆలోచిస్తుండగానే, నా ఛాతీ మీద ఏనుగు తన్నినట్టు నీళ్లు పడ్డాయి.

రంపం చచ్చిపోయింది. నేను బతికి ఉన్నానా లేదా అని నాకే అనుమానంగా ఉంది.

"మంట ఎక్కడండీ?" అన్నాడు ఫైర్ ఆఫీసరు, నా డిప్పలు ఊడబీకి.

"మంట లేదండీ. చెట్టు కోస్తున్నాను."

ఆయన చెట్టు వైపు చూశాడు. దాని మీద ఒక్క గాటు కూడా లేదు. "ఎప్పట్నుంచీ?" అన్నాడు.

సరిగ్గా అప్పుడే మామగారు వాకింగు నుంచి వచ్చారు. పిన్నిగారు ఫోన్ చేసినట్టున్నారు, మా ఆవిడ షాపు కోటు విప్పకుండానే పరుగెత్తుకొచ్చింది. టైము పదకొండు.

మామగారు తిన్నగా షెడ్డు దగ్గరికి వెళ్లారు. పెట్రోలు డబ్బా ఎత్తి ఎండకి పెట్టి చూశారు. వాసన చూశారు. ఒక చుక్క రెండు వేళ్ల మధ్య రాశారు. తరవాత తలెత్తి, "ఇందులో నూనె ఎవరు పోశారు?" అన్నారు.

"నేనేనండీ. లెక్క ప్రకారం నూరు మిల్లీ" అన్నాను ఛాతీ విరిచి. ఛాతీలోంచి నీళ్లు కారాయి.

మా ఆవిడ ముఖం మారింది. "అయ్యో! పొద్దున్నే నేను పోశాను కదండీ! మీకు నూనె సంగతి తెలియదేమోనని, నాన్న కొత్త రంపం పాడవుతుందని షాపుకి వెళ్లేముందు ఒక సీసా కలిపేశాను."

మామగారు నేల చూపులు చూశారు. "నిన్న సాయంత్రం నేను పోశానమ్మా. అల్లుడుగారిని అడిగితే చిన్నబుచ్చుకుంటారని చెప్పలేదు."

నేను అట్టపెట్టె వైపు చూశాను. మూడు గూళ్లు. మూడు సీసాలు. పాపం షాపువాడు!

"అయిదు లీటర్లకి మూడు వందల మిల్లీ" అన్నారు మామగారు. "ఇది రంపం కాదు బాబూ, దోమల పొగ మిషను."

"మరి మరలు తిప్పినా తగ్గలేదేమండీ?"

"ఏ మరలు?"

చూపించాను. ఆయన కళ్లు మూసుకున్నారు. "అది చెయినుకి జిడ్డు వదిలే మర. ఈ కొత్త రంపాల్లో కార్బొరేటర్‌కి మరలు ఉండవు. లోపల కంప్యూటర్ లాంటిది ఉంటుంది. గాలి ఎంత, పెట్రోలు ఎంత అన్నది అదే చూసుకుని సర్దుకుంటుంది."

"అంత తెలివైందైతే నూనె ఎక్కువైందని తెలుసుకోవద్దా?"

"డబ్బాలో మనం ఏం పోశామో దానికెలా తెలుస్తుంది? ఒకే ఇంట్లో ముగ్గురు తెలివైనవాళ్లు ఒకరికి తెలియకుండా ఒకరు నూనె పోస్తారని దాన్ని తయారుచేసినవాడు కలలో కూడా అనుకుని ఉండడు."

ఫైర్ ఆఫీసరు వెళ్లబోయినవాడు వెళ్లలేదు. తన మనుషులతో సహా గోడ మీద కూర్చున్నాడు. పిన్నిగారు దుప్పట్లు వదిలేసి కుర్చీ తెచ్చుకున్నారు.

మా ఆవిడ గడియారం చూసింది. పదకొండూ పది. "నాన్నా, నువ్వు రంపంలో పెట్రోలు ఒంపేసి, ఆ మర వెనక్కి తిప్పి, ప్లగ్గు తుడువు" అంది. ఫైరింజన్‌లో చిన్న పంపు కోసం ఉంచిన పెట్రోలు ఇంకో డబ్బాలో పోయించుకుంది. షాపు నుంచి గాజు కొలతపాత్ర, పెట్రోలు బంకు నుంచి కొత్త నూనె సీసా తెప్పించింది. కళ్లెదురుగా పెట్టుకుని చుక్క తేడా లేకుండా కొలిచి పోసి, మూత బిగించి కుదిపింది. డబ్బా మీద లేబుల్ అంటించి రాసింది: 'నూనె కలిపినది. వాడే ముందు బాగా కుదపవలెను.'

తరవాత నా నెత్తి మీది శిరస్త్రాణం తీసి తను పెట్టుకుంది.

"నీకు వచ్చా ఇది?" అన్నాను.

"స్కూలు సెలవులన్నీ డిపోలోనే గడిపాను. మీరెప్పుడైనా అడిగారా?"

మూడో లాగుకి రంపం లేచింది. మొదటి కోతకి కాస్త దగ్గింది. రెండో కోతకి గొంతు సవరించుకుంది. అయిదో కోతకి పాట అందుకున్నట్టు సాఫీగా సాగింది.

"చూశారా, చెట్టు గట్టిదనాన్ని బట్టి నేర్చుకుంటోంది" అన్నారు మామగారు మురిసిపోతూ.

మా ఆవిడ రంపం ఆపి జాలీ పైకెత్తింది. "అయిదు కోతల్లో నేర్చుకుంది నాన్నా. ఈయనకి పదకొండేళ్లయింది."

గోడ మీద నలుగురూ చప్పట్లు కొట్టారు. పన్నెండుకి అయిదు నిమిషాలుండగా గేటు పూర్తిగా తెరుచుకుంది. మా ఆవిడ పక్కకి తిరగకుండా, తిన్నగా, రాణీలా బయటికి నడిచి మళ్లీ లోపలికి వచ్చింది.

నేను షెడ్డు తాళంచెవి తీసి మామగారి చేతిలో పెట్టాను. ఆయన దాన్ని మళ్లీ నా జేబులోనే వేశారు.

"షెడ్డు మీదే బాబూ. మీరు వర్క్‌షాపన్నారు కదా, నిజంగానే వర్క్‌షాపు చేద్దాం. ఈ దుంగలతో రేపు బల్ల తయారుచేద్దాం. పొద్దున్న ఆరింటికి మొదలు. మూడు నెలల్లో మిమ్మల్ని మెకానిక్‌ని చేసి పెడతాను."

"మరి నా మంచం?"

"బల్ల పడితే మంచం పట్టదు" అంది మా ఆవిడ.

అప్పుడు నా బుర్రలో ఏదో వెలిగింది. ఆలస్యంగానే అనుకోండి. "అంటే నేను గెలిచినా..."

"గెలిస్తే, పనిమంతుడు కాబట్టి నాన్నకి తోడుగా షెడ్డులో ఉండేవారు. ఓడారు కాబట్టి శిష్యుడిగా ఉంటారు. నాన్న ఖాళీగా కూర్చుంటే ఇంట్లో గడియారాలన్నీ విప్పేస్తాడండీ. ఆయనకి విప్పడానికి ఏదో ఒకటి కావాలి కదా" అంది, నా వైపే చూస్తూ.

ఆదివారం పొద్దున్న ఆరింటికి ఎవరో నన్ను రెండు భుజాలూ పట్టుకుని ఊపేస్తున్నారు. భూకంపమేమోనని లేచి కూర్చున్నాను. మామగారు.

"ఇదేం లేపడమండీ?" అన్నాను.

"నా తప్పేం లేదు బాబూ, అమ్మాయి రాసినట్టే చేశాను" అని నా చొక్కా జేబు చూపించారు.

జేబు మీద కొత్త లేబుల్ అంటించి ఉంది. గుండ్రటి అక్షరాలు. 'వాడే ముందు బాగా కుదపవలెను.'