బియ్యం డబ్బాలో ఫోన్లు

ఆడికృత్తిక తిరునాళ్ళు ముగిసిందంటే తిరుత్తణిలో తువాళ్ళ బేరం కాళ్ళు చాపుకుని పడుకుంటుంది. అలాంటి ఒక ఆదివారం పొద్దున, కొట్టు తెరవడమా మానడమా అని చంద్రు లెక్క చూసుకుంటుండగా అన్న కూతురు నిత్య వచ్చి ఎదురుగా నిలబడింది.

నిత్య తిరువళ్ళూరులో డిగ్రీ రెండో ఏడు చదువుతోంది. సోషల్ మీడియా మన రోజును ఏం చేస్తోందో సొంత అనుభవంతో రాసుకురమ్మని కాలేజీలో చెప్పారట. ఒక రోజంతా ఫోన్ లేకుండా, చుట్టాల ఇళ్ళకు నేరుగా వెళ్ళి, పాతకాలం వాళ్ళలా పలకరించి రావాలని ఆ పిల్ల పథకం.

"నువ్వూ ఫోన్ పెట్టేసి రావాల చిన్నాయనా. నీ చేతిలో ఉంటే నా కన్ను దాని మీదికే పోతుంది."

"నేను వ్యాపారం చేసేవాణ్ణి పాపా. ఎవురైనా పిలిస్తే?"

"ఎవురు పిలుస్తారు? ఆ తిరువళ్ళూరాయన దండం బొమ్మ పంపిస్తాడు. దాన్ని చూసి నువ్వు ఉసూరుమంటావు. అంతేగా?"

దెబ్బ తగలవలసిన చోటే తగిలింది. తిరువళ్ళూరు దేవేంద్రన్ కూతురు జ్యోతిక బ్యాంకులో పని చేస్తోంది. ఒకసారి తిరుత్తణి కొండకు దర్శనానికి వచ్చి, చంద్రు కొట్లో తువాలు బేరమాడి, అతణ్ణే దిగొచ్చేలా చేసి, పోతూ పోతూ నవ్వింది. ఎన్ని విధాల లెక్కేసినా ఆ నవ్వు తనకు లాభంగానే తేలడంతో చంద్రు సంబంధం అడిగించాడు. అప్పటినుంచీ దేవేంద్రన్ అవునూ కాదూ అనకుండా వాట్సాప్‌లో జోడించిన చేతుల బొమ్మ పంపుతూనే ఉన్నాడు. నాలుగు కొట్లు చూసి వస్తామనే గిరాకీ ఎలా ఉంటుందో చంద్రుకు తెలుసు. ఈసారి సరుకు తానే కావడంతో తెలిసినా లాభం లేకపోయింది.

"సరి, పద," అన్నాడు. రెండు ఫోన్లూ బియ్యం డబ్బాలోకి పోయాయి.

చంద్రు తల్లి రుక్మిణమ్మ అప్పటికే కొండమీది గుడికి పోయింది. అడిగే పెద్ద దిక్కు లేక నిత్య పాత ఆల్బమ్ తీసింది. అందులో ఒక ఫోటోలో పట్టుచీర కట్టిన ఆ అవ్వే ఇత్తడి పళ్ళెం పట్టుకుని ఎవరి గడపలోనో నిలబడి ఉంది. చుట్టాలింటికి పోవడమంటే ఇదే కాబోలని నిత్య అటక మీది పళ్ళెం దింపి తోమింది. తమలపాకులు, వక్కలు, అరటిపళ్ళు, పసుపు, కుంకుమ సర్దింది. తాను పట్టుపావడా కట్టి, చిన్నాయన చేత జరీ అంచు పంచె కట్టించింది. చంద్రుకు ఎక్కడో చిన్న సందేహం తగిలింది కానీ, అతను పంచెలు అమ్మేవాడే తప్ప పళ్ళేలు మోసినవాడు కాడు.

మొదటి ఇల్లు పక్క వీధిలోని సుందరవల్లి అత్తది. తలుపు తీసి, పళ్ళేన్ని చూసి, పంచెను చూసి, ఆమె రెండు చేతులతో బుగ్గలు నొక్కుకుంది.

"అయ్యో నా బంగారూ! ఎప్పుడు?"

"ఏమీ లేదత్తా. సుమ్మా, ఊరికే చూసి పోదామని వచ్చినాం," అన్నాడు చంద్రు.

"సుమ్మానా? ఈ కాలంలో సుమ్మా ఎవురొస్తారురా? సరేలే, ఇప్పుడే చెప్పకూడదు. దిష్టి తగులుతుంది." ఆమె కన్ను గీటి, ఆకూ వక్కా కళ్ళకద్దుకుని తీసుకుంది.

పెళ్ళి కాని మగవాడికి అత్తల ఎగతాళి కొత్త కాదు. చంద్రు నవ్వేసి ఊరుకున్నాడు. ఆ నవ్వును సుందరవల్లి సిగ్గు ఖాతాలో వేసుకుందని అతనికి తెలియదు.

అక్కణ్ణించి తిరువళ్ళూరు రైలెక్కారు. రైల్లో ఉన్న తలలన్నీ ఫోన్లలోకి వంగి ఉన్నాయి. చేతులు ఖాళీగా ఉన్నది వీళ్ళిద్దరికే. చాలాకాలం తర్వాత చంద్రు కిటికీ బయటికి చూశాడు. చిన్నప్పుడు నాయన సైకిలు ముందు కడ్డీ మీద కూర్చుని ఇలాగే చుట్టాలిళ్ళకు పోయేవాడు. చెప్పి పోవడమనేది లేదు. వీళ్ళను చూశాకే ఆ ఇంట్లో మళ్ళీ ఎసరు పెట్టేవాళ్ళు. అన్నం ఉడికేలోగా ఊరి సంగతులన్నీ అయిపోయేవి. తిరిగి వచ్చేటప్పుడు జేబులో వేయించిన వేరుశనక్కాయలు వెచ్చగా తగిలేవి. ఆ వెచ్చదనం ఎప్పుడు, ఏ చోట జారిపోయిందో ఎంత వెనక్కి వెతికినా దొరకలేదు.

తిరువళ్ళూరులో, చంద్రుకు వరసకు అన్న అయ్యే ఆరుముగం స్టేషన్‌కే వచ్చి నిలబడి ఉన్నాడు. "రా తమ్ముడూ!" అని కావలించుకున్నాడు. ఇంట్లో కేసరి సిద్ధంగా ఉంది.

"మేము వస్తామని మీకెట్లా తెలిసింది పెదనాయనా?" అంది నిత్య.

"మంచి మాట ఆగుతుందా పాపా?" అన్నాడు ఆరుముగం.

నిత్యకు కళ్ళు చెమర్చాయి. "చూస్తివా చిన్నాయనా! ఫోన్ పక్కన పెడితే మనుషులకు మనమీద ఎంత ప్రేమో! ఇదే రాస్తాను."

తిరునిన్రవూరులో రామన్ బావ ఇంటికి చేరేసరికి ప్రేమ ఇంకా పెరిగింది. వెండి కుంకుమభరిణె చేతికిచ్చారు. చంద్రుకు అనుమానం వచ్చింది. ఏమీ అమ్మకుండా పోయిన చోటల్లా లాభం వస్తుంటే, ఎక్కడో పెద్ద నష్టం తయారవుతోందన్నమాట.

"ఇదంతా దేనికక్కా?" అని రామన్ భార్య దేవకిని అడిగాడు.

"దేనికా? పట్టుపావడా ఆడపిల్లని, పసుపు కుంకుమ పళ్ళేన్ని వెంటబెట్టుకుని పెళ్ళికి పిలిచేదానికి గాక దేనికొస్తారు?" దేవకి ఫోన్ చూపించింది. సంఘం వాట్సాప్ గ్రూపులో సుందరవల్లి పెట్టిన ఒక కార్డు తిరుగుతోంది. ఒక పక్క చంద్రు ఫోటో. వధువు ఎవరో తెలియక రెండో పక్క పెద్ద రోజాపువ్వు. కింద వరసగా అభినందనలు.

అలాంటి కార్డు ఈపాటికి చేతులు మారి దేవేంద్రన్ ఫోన్‌కూ చేరి ఉంటుంది.

"పిలిచి చెప్పేస్తాను. ఫోన్ ఇవ్వండి," అన్నాడు చంద్రు. తీసుకున్నాక చెయ్యి ఆగిపోయింది. ఒకప్పుడు ఊరందరి నంబర్లూ నోటికి ఉన్న మనిషికి ఇప్పుడు దేవేంద్రన్ నంబరు గుర్తు లేదు. అది బియ్యం డబ్బాలో ఉంది.

"గ్రూపులో అబద్ధమని పెట్టమందామా?" అంది నిత్య.

"సుమ్మా అంటేనే ఎవురూ నమ్మలేదు గదా. పద, ఇంటికి పోయి ఫోన్ తీయాల!"

తిరుగు రైల్లో అతను ఇక కిటికీ బయటికి చూడలేదు. ఇంటి ముందు చెప్పుల వరస కనిపించింది. లోపల దేవేంద్రన్, ఆయన భార్య, జ్యోతిక కూర్చుని ఉన్నారు. రుక్మిణమ్మ ఏమీ అర్థంకాక కాఫీ ఇస్తోంది.

"మేము ఒక మాట చెప్పక ముందే ఇంకో చోట ఖాయం చేసుకున్నారంటనే!" అని దేవేంద్రన్ లేచాడు. ఆ వెంటనే గొంతు తగ్గించి, "పొద్దున్నించీ ఫోన్ చూసినారా మీరు?" అన్నాడు.

"లేదు మామా. బియ్యం డబ్బాలో ఉంది."

దేవేంద్రన్ ఊపిరి వదిలి, కూర్చుని, తన ఫోన్‌లో ఏదో నొక్కుకున్నాడు.

నిత్య తలవంచుకుని కాలేజీ పని, ఆల్బమ్, పళ్ళెం సంగతి అంతా చెప్పింది. రుక్మిణమ్మ నెత్తి కొట్టుకుంది. "అది మీ నాయన పెండ్లికి పిలవబోయినప్పటి ఫోటోనే తల్లీ! ఫోటో చూస్తే సంగతి తెలుస్తుందా? అడగాల గదా!"

జ్యోతిక మాత్రం తన ఫోన్‌లోని కార్డును చంద్రు ముందు పెట్టింది. "మరి ఈ రోజాపువ్వు ఎవురు?"

ఆమెకు రాయాలని టైపు చేసి చెరిపేసిన మాటలు చంద్రు దగ్గర గోదాము నిండా ఉన్నాయి. ఎదురుగా నిలబడ్డాక చెరిపే వీలు లేకపోయింది.

"మీరు తువాలు కొనుక్కుని పోయినప్పటినించీ ఆ చోటు మీకోసమే పెట్టినాను. వేరే ఎవురూ లేరు."

"ఈ మాట నాతో చెప్పేదానికి ఇంత కాలమా? మా నాయనతో దండాలు మార్చుకుంటా కూర్చుంటే నాకెట్లా తెలుస్తుంది?" అంది జ్యోతిక. గొంతులో కోపం, ముఖంలో ఆనాటి నవ్వు.

"ఏమంటావమ్మా?" అని తండ్రి అడిగాడు.

"ఇంకేం అనాల నాయనా? ఊరంతా కేసరి తినేసినారు గదా."

పళ్ళెంలో నాలుగో ఇంటికని ఉంచిన ఆకూ వక్కా మిగిలే ఉన్నాయి. రుక్మిణమ్మ వాటిని జ్యోతిక తల్లి చేతిలో పెట్టింది. మళ్ళీ ఎసరు పెట్టడానికి బియ్యం తీస్తుంటే ఫోన్లు బయటపడ్డాయి.

చంద్రు ఫోన్ తెరిచాడు. అభినందనల గుట్ట అడుగున, పొద్దుటి వేళకు దేవేంద్రన్ పేరు ఉంది. దాని కింద, ఈ సందేశం తొలగించబడింది అని ఉంది.

"మామా, పొద్దున ఏందో పంపి తీసేసినట్టుండారే?"

దేవేంద్రన్‌కు కాఫీ పొలమారింది. "అదా... గుడ్ మార్నింగ్ పువ్వు. వాడిపోయినట్టుందని తీసేసినాను."

ఆ పువ్వు సంబంధం వద్దనే మాటే అయ్యుంటుందని ఊహించినా, సరుకు చెయ్యి మారాక పాత బేరం తవ్వకూడదని తెలిసిన చంద్రు, ఫోన్ మళ్ళీ బియ్యం డబ్బాలో పెట్టి మూత గట్టిగా బిగించాడు.