హంతకుడి పేరు ముందే చెప్పేవారికి నా నమస్కారాలు

నవల మొదలుపెట్టకముందే హంతకుడెవరో చెప్పేసే మహానుభావులకు వీధికొక విగ్రహం పెట్టించాలి! నవ్వకండి. నేను చాలా సీరియస్‌గా చెబుతున్నాను.

మా ఇంటిల్లిపాదీ నెత్తిన పెట్టుకున్న దగ్గు డిటెక్టివ్ ఇరవై ఆరో పుస్తకంతో రిటైరైపోయాడు. దోషి పేరు బయటపెట్టే ముందు మూడుసార్లు దగ్గేవాడు కాబట్టి మేం పెట్టుకున్న ముద్దుపేరది. ఆయన వెళ్లిపోయాక వారం రోజులు నాకు తిండి సయించలేదు. ఇలా గోళ్లు గిల్లుకుంటూ కూర్చుంటే ఎలాగని కొత్త డిటెక్టివ్ కోసం వేటలో పడ్డాను.

ఫోన్‌ని అడిగితే ‘మీకు నచ్చేవి’ అంటూ నలభై పుస్తకాలు నా మొహాన కొట్టింది. ఒక దాంట్లో డిటెక్టివ్‌కి భార్యతో పడదు. రెండొందల పేజీలు వాళ్ల గొడవే. శవం కావలసినవాడు అప్పటిదాకా నిక్షేపంగా తిరుగుతూనే ఉన్నాడు! ఇంకొక దాంట్లో డిటెక్టివ్ ఒక పిల్లి. నాకు పిల్లులంటే గౌరవమే గానీ, అది సాక్షిని ఎలా ప్రశ్నిస్తుందండీ?

లాభం లేదని లైబ్రరీకి వెళ్లాను. లైబ్రేరియన్ ఒక నవల తీసి, దుమ్ము దులిపి, స్టాంపు వేసి, ఎంతో ఆప్యాయంగా నా చేతిలో పెట్టాడు. “తీసుకెళ్లండి సార్, అద్భుతం. చంపింది తోటమాలి అని చివరిదాకా ఎవరూ కనిపెట్టలేరు” అన్నాడు.

చూశారా ఉపకారం! మూడొందల ఎనభై పేజీల శ్రమను ఒక్క ముక్కలో తీర్చేశాడు. మిగిలిన టైములో కారుతున్న కుళాయి బాగుచేశాను. మూడు ఫ్యాన్లు తుడిచాను. ఇల్లు అద్దంలా ఉంది.

ఆ తర్వాతి నవల విషయంలో పళ్ల డాక్టరు చలవ. కుర్చీలో పడుకోబెట్టి, నోట్లో దూది కుక్కి, డ్రిల్లు ఆడిస్తూ, అందులోని కవలల్లో పెద్దామె కుట్రంతా పూసగుచ్చినట్టు చెప్పాడు. వద్దు మొర్రో అందామంటే నోరు ఖాళీ లేదు. చేతులు ఊపాను. నొప్పేమో అనుకుని ఇంకో ఇంజక్షన్ పొడిచాడు.

ఆరోగ్యరీత్యా చూసినా ఇదే మేలు. గుండెదడ ఉండదు. అమాయకుల్ని అనుమానించిన పాపం అంటదు. దగ్గు డిటెక్టివ్ పుణ్యమా అని నేను ఎంతమంది గుమస్తాలనూ వంటమనుషులనూ అన్యాయంగా ఉరికంబం ఎక్కించానో!

అసలు ఆ రోజుల్లో మా ఇంట్లో ఎంత నిర్బంధమనుకున్నారు? ఇంటికి ఒకటే కాపీ. ముందు మా ఆవిడ, తర్వాత మా అమ్మాయి, ఆపైన మాతోనే ఉండే మా బావమరిది, అందరికన్నా చివర నేను. నాది నత్తనడక మరి. వందో పేజీకి రాగానే ఎవరి అనుమానం వాళ్లు చీటీ మీద రాసి బిస్కెట్ డబ్బాలో వెయ్యాలి. ఆఖరి మనిషి ముగించేదాకా ఎవరూ కిక్కురుమనకూడదు. తప్పు రాసినవాళ్లు ఆ వారమంతా అంట్లు తోమాలి. ఎక్కువగా నేనే తోమాను. నేను చదువుతుంటే మా అమ్మాయి రెండు చేతులతో నోరు మూసుకుని ఎదురుగా కూర్చునేది. బావమరిది నోట్లో నువ్వుగింజ నానదు. అలాంటివాడు ఒకసారి నా కోసం పదకొండు రోజులు నోరు కుట్టుకుని తిరిగాడు.

ఇప్పుడా బాధ లేదు. ఎవరి ఫోన్ వాళ్లకు వేరే పుస్తకం చూపిస్తోంది. ఎవరి హంతకుడు వాళ్లకున్నాడు. ఎంత హాయి!

మొన్న ఆదివారం నాకూ ఒక మంచి నవల దొరికింది. నిజంగా మంచిది. చివరి పేజీకి వచ్చేసరికి కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. నేనూ కాస్త సమాజసేవ చేద్దామని, ముగ్గురూ భోజనానికి కూర్చోగానే పుస్తకం పైకెత్తి చూపించి ప్రకటించాను.

“చంపింది డాక్టరు గారి తల్లి!”

గరిటె విసురుతారేమోనని కాస్త పక్కకి కూడా జరిగాను. మా ఆవిడ “అలాగా” అని మంచినీళ్ల చెంబు అందుకుంది. బావమరిది మర్యాదగా తల ఊపాడు. మా అమ్మాయి ఫోన్‌లోంచి తలెత్తలేదు.

కొత్త డిటెక్టివ్‌లకేం, వెతికితే దొరుకుతారండీ. “నోరు ముయ్యండి, నేనింకా చదవలేదు” అని నన్ను కసిరేవాళ్లు మీ ఎరుకలో ఎవరైనా ఉంటే మాత్రం కాస్త చెప్పండి.