బేస్‌మెంట్‌లో మంద

ఆ సోమవారం చాముండేశ్వరి పెట్టుకున్న పనులు రెండే: ఇడ్లీ పిండి రుబ్బడం, మధ్యాహ్నం కాసేపు నడుం వాల్చడం. ఆమె గ్రైండర్ కడుగుతుండగా భర్త కోటేశ్వరరావు ఆమె ఫోన్‌లో ఒక యాప్ ఎక్కించాడు. కెనడాలోని కిచెనర్‌లో అతను పనిచేసే కంపెనీ రైతుల కోసం తయారుచేసిన యాప్ అది. ఏ పశువు ఎక్కడి నుంచి ఎక్కడికి వెళ్లింది, దానికి ఏం జబ్బు చేసింది అని రైతు నొక్కితే చాలు, పశువైద్య శాఖకు ఆ క్షణమే తెలిసిపోతుంది.

"రేపు డెమో ఉంది. ఏమీ తెలియనివాళ్లు కూడా వాడగలరో లేదో చూడాలి. నువ్వు కాసేపు ఎంటర్ చేసి చూడు."

"ఏమీ తెలియనిదాన్ని నేనే దొరికానా? అయినా నా దగ్గర ఆవులెక్కడివి?"

"ఉన్నాయనుకో. ఇది ఉత్తుత్తి అకౌంట్, ఎక్కడికీ వెళ్లదు" అంటూ అతను బూట్లేసుకుని వెళ్లిపోయాడు.

లేని ఆవులను ఊహించుకునే ఓపిక చాముండేశ్వరికి లేదు. బేస్‌మెంట్‌లో ఉన్నవాళ్లు ఉండనే ఉన్నారు. ఆ ఏడాది కాలేజీలు అడిగినవాళ్లందరికీ సీట్లిచ్చాయి. ఊళ్లో గదులు మాత్రం అన్ని లేవు. ఆమె బేస్‌మెంట్‌లో ఇద్దరికి మించి అద్దెకు ఉండకూడదని సిటీ వాళ్ల నిబంధన. ఉంటున్నది ఏడుగురు ఆడపిల్లలు. సంగతి బయటపడితే బేస్‌మెంట్ మూతపడుతుంది, దాని అద్దెతో నిలబడుతున్న ఇల్లూ చేజారుతుంది. అందుకే పిల్లలందరికీ రాకపోకలు పెరటి తలుపు నుంచే.

ఎవరు ఎప్పుడు చేరారో ఆమెకు ఎప్పుడూ గుర్తుండదు. ఈ యాప్‌లో అన్నిటికీ చక్కగా గడులున్నాయి. పేరు అన్నచోట పిల్లల పేర్లు రాసింది. చెవి ట్యాగ్ నంబరు అడిగితే ఫోన్ నంబర్ల చివరి అంకెలు వేసింది. ఎక్కడి నుంచి వచ్చాయి? బ్రాంప్టన్ ఊరి నుంచి. మేత? అన్నం, పప్పు, శనివారాలు పిజ్జా. జబ్బులు? చాందినికి దగ్గు, జ్వరం. అంతా నింపేసి తృప్తిగా పిండి దగ్గరకు వెళ్లింది.

గ్రైండర్ ఆగేలోపే ఫోన్ మోగింది. హెలెన్ అనే ఆవిడ, యాప్‌లో పెట్టిన వివరాల గురించి అడగాలంది. భర్త ఆఫీసు వాళ్లే అనుకుని, అతని పరువు నిలబెట్టాలని చాముండేశ్వరి ఇంగ్లీషులో హుషారుగా జవాబులు మొదలుపెట్టింది.

"దగ్గు ఉన్నదాన్ని వేరుగా పెట్టారా?"

"వేరే చోటెక్కడుంది? మొత్తం ఒకటే హాలు. మెట్ల కింద కూడా ఖాళీ లేదు."

"ఇప్పుడు అన్నీ లోపలే ఉన్నాయా?"

"లోపల సగమే. మిగతా సగం పొద్దున్నే సిటీ బస్సెక్కింది."

"ఎవరు తోలుకెళ్లారు?"

"ఎవరూ అక్కర్లేదు. బస్ పాసులున్నాయి."

అవతల కీబోర్డు టకటకలాడింది. తర్వాత, "ఇంట్లోనే ఉండండి, నేను బయల్దేరుతున్నాను" అని వినిపించింది.

మంచి మార్కులే పడ్డాయనుకుంది చాముండేశ్వరి. వెంటనే కోటేశ్వరరావు ఫోన్ చేశాడు.

"కొంప ముంచావు కదే! డెమో కోసం ఆ అకౌంట్‌ని అసలు సిస్టంలోకి మార్చి, నీకు చెప్పడం మర్చిపోయా. బ్రాంప్టన్ నుంచి వచ్చిన మందకి అంటురోగం అని చుట్టుపక్కల డెయిరీలన్నిటికీ అలర్ట్ పోయింది! పశువైద్య శాఖ ఇన్‌స్పెక్టరు హెలెన్ మనింటికే వస్తోందట!"

"మర్చిపోయింది మీరు, ముంచింది నేనా? తుడిచెయ్యండి."

"తుడవడం కుదరదు. పశువు ఎలా పోయిందో చెప్పాలి. అమ్మేశామనాలి, కబేళాకి పంపామనాలి, లేదా చచ్చిపోయిందనాలి."

"అమ్మేశామనండి."

"కొన్నవాడి అడ్రస్ అడుగుతుంది. కబేళా?"

"రామ రామ! వాళ్ల అమ్మలు నాతో వాట్సాప్‌లో మాట్లాడతారండీ!"

అతను ఇక ఆమెను అడగలేదు. 'చచ్చిపోయింది' అన్నదాన్ని ఏడుసార్లు నొక్కాడు.

ఒక్క పూటలో మంద మొత్తం పోయేసరికి సిస్టం తన ధర్మం తాను నిర్వర్తించింది. హెలెన్ తల నుంచి కాళ్ల దాకా తెల్లటి సూటు తొడుక్కుని, అలాంటి సూట్లలోనే ఉన్న ఇద్దరు మనుషులను, కళేబరాలు ఎత్తే ట్రక్కును వెంటబెట్టుకుని వచ్చింది. వీధిలో ప్రతి కర్టెనూ కదిలింది.

కింద ఉన్నవి పశువులంటే కళేబరాలు చూపించాలి. మనుషులంటే తలలు లెక్కపెడతారు. ఏం చెప్పాలో చాముండేశ్వరి తేల్చుకునేలోగా, దుప్పటి కప్పుకుని ఒక పిల్ల మెట్లెక్కి పైకి వచ్చింది.

"చాందిని ఎక్కడ?" హెలెన్ టాబ్లెట్ చూస్తూ అడిగింది.

"నేనే" అని దగ్గి, ఆ పిల్ల టాబ్లెట్‌లోకి తొంగి చూసింది. "అయ్యో ఆంటీ! నేను పొద్దుగాలనే సచ్చిపోయిన్నా? ఒక్క మాటన్న చెప్పకపోతిరి!"

"నొక్కింది మీ అంకులమ్మా, నేను కాదు."

"గిప్పుడు ఈ నెల కిరాయి ఎవరిస్తరు ఆంటీ?"

హెలెన్ కొలిచే టేపు పట్టుకుని కిందికి దిగింది. ఆమె తిరిగి వచ్చేదాకా చాముండేశ్వరి మెట్ల దగ్గరే నిలబడింది.

"దూడలైతే ఈ చోటు ఇప్పుడే మూయించేదాన్ని" అంది హెలెన్. "గాలి లేదు, వెలుతురు లేదు, ఒక్కోదానికి ఉండాల్సిన జాగాలో సగం కూడా లేదు."

"మనుషులే! ఒట్టు, అందరూ మనుషులే!"

"అయితే నాకు సంబంధం లేదు. మనుషుల ఇళ్ల సంగతి వేరే శాఖది. మా సిస్టం వాళ్ల సిస్టంతో మాట్లాడదు."

ఆమె ఫైలు మూసేసి, అలవాటుగా రైతులకిచ్చే కరపత్రం ఒకటి చాందిని చేతిలో పెట్టి, ట్రక్కును ఖాళీగానే వెనక్కి మళ్లించింది.

గండం గడిచిందని చాముండేశ్వరి సోఫాలో కూలబడింది. చాందిని మాత్రం అక్కడే నిలబడి కరపత్రం చదువుతోంది.

"ఆంటీ, దూడకు కిటికీ ఉండాల్నంట. పొడి పక్క ఉండాల్నంట. దగ్గొస్తే వేరే గది, గోరువెచ్చటి నీళ్లు."

"అవన్నీ పశువులకమ్మా."

"మంచిది ఆంటీ. మేం మనుషులమని సిటీకి ఫోన్ జేసి చెప్పాల్నా మరి?"

చాముండేశ్వరి లేచి, గెస్ట్‌రూంలో దుప్పట్లు మార్చడానికి వెళ్లింది.

సాయంత్రం కోటేశ్వరరావు వచ్చేసరికి గెస్ట్‌రూంలో చాందిని ఆవిరి పడుతోంది. కిటికీ ఉన్న అతని ఆఫీసు గదిలో ఇద్దరు పిల్లలు మంచాలు సర్దుకుంటున్నారు. పై హాల్లోని హీటరు బేస్‌మెంట్‌లోకి పోయింది. అతని ల్యాప్‌టాప్ మెట్ల కింద ఉంది.

"ఇదంతా ఏమిటే?"

"పశువైద్య శాఖ రూల్సే" అంది చాముండేశ్వరి.

ఆ రోజు నుంచి ఆ ఇంట్లో పిల్లలు, ఏ లోటూ లేకుండా, పశువుల్లా బతుకుతున్నారు.