తొంభై తొమ్మిదేళ్ల రోగులు

మనిషి నిప్పును కనిపెట్టాడు, చక్రాన్ని కనిపెట్టాడు, మధ్యలో కొంతకాలం ఊరికే కూర్చుని, ఆ తర్వాత తేలికపాటి సర్వర్‌ను కనిపెట్టాడు. చరిత్రకారులు ఈ సంగతిని ఇంకా గుర్తించలేదు. వంటింటి అలమారలో, పప్పు డబ్బాల పై అరలో ఉన్న అలాంటి ఒక సర్వర్‌ను పాత బనియన్ గుడ్డతో తుడుస్తున్న అమ్మాయి మాత్రం ఎప్పుడో గుర్తించింది. రోజూ పొద్దున్నే ముందు దాని మొహం, తర్వాత వీపు, చివరగా తీగలు. తన మొహం ఆ తర్వాత కడుక్కునేది.

ఇంట్లో ఆమెను సర్వరమ్మ అంటారు. పేరు పెట్టింది మేనత్త. (పెట్టిన పూట అది వెక్కిరింపు. వాడగా వాడగా పేరైంది.)

సర్వర్ అంటే అడిగినవాళ్లకు అడిగిన పేజీ తీసిచ్చే యంత్రం. పెద్ద సర్వర్లు ఆ కాస్త పనికీ పటాలాన్ని వెంటేసుకుని తిరుగుతాయి. ఇది మాత్రం పుస్తకమంత ఉంటుంది, చప్పుడు చెయ్యదు, తక్కువ తింటుంది, ఎదురు చెప్పదు. కొన్న రోజున ఈ గుణగణాలన్నీ విని, "యంత్రం కొన్నావా, సంబంధం కుదుర్చుకున్నావా?" అని మేనత్త అడిగింది.

దాని మీద సర్వరమ్మ పక్క వీధి క్లినిక్కు కోసం టోకెన్ల అప్లికేషన్ తయారుచేసింది. అంతకుముందు అక్కడి కాంపౌండరు గుమ్మంలో నిలబడి, బెంచీ వైపు ఒకసారి చూసి, "ముందు ఆ దగ్గుతున్నాయన, తర్వాత చంటిబిడ్డ తల్లి" అని చేత్తో చూపించి లోపలికి పంపేవాడు. అశాస్త్రీయమైన ఈ పద్ధతిని సర్వరమ్మ రద్దు చేసింది. ఇకపై ఫోనులో పేరు, వయసు, జబ్బు నింపాలి. టోకెన్ వస్తుంది. తెర మీద పేరు వెలిగాకే డాక్టరుగారి గది.

నియమాలు కూడా రాసింది. టోకెన్ లేని మనిషిని రోగిగా పరిగణించరాదు. తీసుకున్న టోకెన్ రద్దు కాదు. పేరు మూడుసార్లు పిలిచినా రాకపోతేనే తర్వాతి పేరు పిలవాలి. వీటిని విధానాల సంఘం ఆమోదించింది, అమలు విభాగం అమల్లో పెట్టింది, లోపాల విచారణాధికారి లోపాలేవీ లేవని ధ్రువీకరించారు. (సంఘం, విభాగం, అధికారి ముగ్గురూ ఒకే ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుంటారు. ఆ కుర్చీకి ఒక కాలు పొట్టి.)

"ఫోను వాడటం రాని పెద్దవాళ్లొస్తే ఏం చెయ్యమంటారండీ?" అని కాంపౌండరు అప్పట్లోనే అడిగాడు.

"సర్వర్ దృష్టిలో అందరూ సమానమేనండీ," అంది సర్వరమ్మ. ఆ మాట తనకే ఎంతో నచ్చి, నియమాలతో పాటు దాన్నీ గోడకు అంటించమంది.

ఆ రోజు క్లినిక్కుకు కళ్ల డాక్టరుగారు వచ్చే రోజు. ఆయన ఎక్కడెక్కడో తిరిగి ఇక్కడికి ఒక్క పూట వస్తారు. మధ్యాహ్నం వెళ్లిపోతే మళ్లీ వానలు తగ్గాకే. సర్వరమ్మ వాళ్లమ్మకు కొన్నాళ్లుగా చూపు మసకబారుతోంది. నిన్న బట్టలు మడత పెడుతూ దిండు గలీబును తిరగేసి మడిచింది. తప్పు తెలిసి, విప్పి, మళ్లీ తిరగేసే మడిచింది. ఎడమ కన్ను మూసుకుంటే, కిటికీ ఉన్నవైపు వెలుతురుందని తప్ప ఆమెకు ఇంకేమీ తెలియదు. ఇక ఆలస్యం చేస్తే ఉన్నది కూడా నిలవదని కిందటిసారి డాక్టరుగారు చెప్పి వెళ్లారు.

అందుకే అమ్మ అందరికన్నా ముందు లేచి, తల దువ్వుకుని, సంచీ ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

"ఏమే, ఇందులో ఏదో ఎర్రగా వస్తోంది చూడు," అని ఫోను చాచింది.

నేటి టోకెన్లు పూర్తయ్యాయి. మీ సహకారానికి ధన్యవాదాలు.

"అప్పుడేనా?" అంది మేనత్త. "పాలవాడే ఇంకా రాలేదు వదినా. ఊళ్లో ఇంతమందికి కళ్లు పోయాయా?"

"అది ఆదరణ అత్తా!" సర్వరమ్మ మొహం వెలిగిపోయింది. "జనం వాడుతున్నారు."

"వాడుకోనీ. నేను నడిచెళ్లి ఆ బెంచీ మీద కూర్చుంటానే. కాంపౌండరుకి నేను తెలుసుగా."

"నియమం రాసిందాన్ని నేనే, మా అమ్మని దొడ్డిదారిన పంపితే ఏం బావుంటుందమ్మా?"

"పోనీ బస్సెక్కి పెద్దాసుపత్రికి పోతా. అక్కడ లైనుంటుంది, నిలబడతా."

"లైనా! ఏ కాలంలో ఉన్నావమ్మా? ఉండు, చిటికెలో చూస్తా."

(ఈ వృత్తిలో చిటికె ఒక కొలమానం. దాని పొడవెంతో పెద్దలెవరూ ఇంకా తేల్చలేదు.)

సర్వర్‌కు ఏ ఇబ్బంది వచ్చినా మొదటి చర్య, దాన్ని ఆపి మళ్లీ మొదలుపెట్టడం. ఇది ఎందుకు పనిచేస్తుందో ఎవరికీ తెలియదు, కాబట్టి దీన్ని ఎవరూ అనుమానించరు. సర్వరమ్మ ఆపింది, మొదలుపెట్టింది. టోకెన్లు పూర్తయ్యాయి. రెండో చర్య, అదే అప్లికేషన్‌ను తన సొంత కంప్యూటర్‌లో నడిపి చూడటం. అక్కడ టోకెన్లు కుప్పలుగా ఉన్నాయి, ఎందుకంటే అక్కడ రోగులు లేరు, డాక్టరు లేడు, అసలు క్లినిక్కే లేదు.

"నా దగ్గర బాగానే వస్తోందమ్మా," అంది. ఆ మాట అనేసరికి ఆమెకు సగం సమస్య తీరినట్టనిపించింది.

"అయితే కన్ను కూడా నీ దగ్గరే చూపించుకోమంటావా కోడలుపిల్లా?" అంది మేనత్త.

మూడోది పరిపాలనాపరమైన నిర్ణయం. టోకెన్ల పరిమితి పెంచింది. "ఇప్పుడు కొట్టమ్మా."

"నువ్వే కొట్టరాదూ?"

"నేను కొడితే మామూలు మనిషికి ఎలా ఉంటుందో తెలియదు కదా."

మామూలు మనిషి ఫోనును ముక్కుకు ఆనించుకుని ఒక్కొక్క అక్షరం వెతికి నొక్కింది. పేరు సగమయ్యేసరికి టోకెన్లు పూర్తయ్యాయి. మళ్లీ పెంచితే మళ్లీ పూర్తయ్యాయి. చివరికి సర్వరమ్మ తనే టకటకా కొట్టింది. అయినా అందలేదు. ఇంత ఆదరణ ఆమె కలలో కూడా ఊహించలేదు.

అప్పుడు కాంపౌండరు ఫోను చేశాడు. సర్వరమ్మ స్పీకరు నొక్కి, చేతులు కీబోర్డు మీదే ఉంచింది.

"చిన్న సందేహమండీ, అమ్మాయిగారూ."

"రద్దీ తట్టుకోలేకపోతున్నారా?"

"లేదండీ, బెంచీ ఖాళీ. డాక్టరుగారు ఒక్కరే కూర్చుని కళ్లద్దాలు తుడుచుకుంటున్నారు. తెర మీద మాత్రం పేర్లు వరసగా వస్తున్నాయి. పిలుస్తుంటే ఎవరూ లేవట్లేదు."

"ఏం పేర్లు?"

"పరీక్షమ్మండీ. మొదటావిడా పరీక్షమ్మే, తర్వాతావిడా పరీక్షమ్మే. అందరికీ తొంభై తొమ్మిదేళ్లు. జబ్బు అన్నచోట 'అఆఇఈ' అనుంది. ఒకే కుటుంబం కాబోలు, ఆ వయసులో కదిలి రావాలంటే ఆలస్యమవుతుంది కదా అనుకున్నా. నియమం ప్రకారం ఒక్కొక్కరినీ మూడేసి సార్లు పిలుస్తున్నానండీ. గొంతు బొంగురుపోయింది. మధ్యలో మామూలు మనుషులు కొందరొచ్చారు. టోకెన్ లేదుగా, పంపేశా."

సర్వరమ్మ చున్నీతో నుదురు తుడుచుకుంది.

పరీక్షమ్మను పుట్టించింది ఆమే. సర్వర్ బతికుందో లేదో కనిపెట్టడానికి ఆమె ఒక కాపలా ప్రోగ్రాం రాసింది. అది కాసేపటికోసారి పరీక్షమ్మ పేరుతో టోకెన్ అడుగుతుంది. దొరికితే సర్వర్ క్షేమం. దొరక్కపోతే సర్వర్‌కు ఏదో అయిందని కంగారుపడి, దొరికేదాకా ఊపిరి సలపకుండా అడుగుతూనే ఉంటుంది. తన కంప్యూటర్‌లో నడపాల్సిన ఈ కాపలాను నిన్న పొరపాటున క్లినిక్కు టోకెన్ల మీదే పెట్టి, హాయిగా నిద్రపోయింది. (సర్వర్ ఆరోగ్యం నిక్షేపంగా ఉంది. ఆ రోజు ఊళ్లో ఆరోగ్యం చూపించుకోగలిగింది అదొక్కటే.)

"ఎవరే ఆ పరీక్షమ్మ?" అంది మేనత్త.

"నా మనిషే, అత్తా. అంటే... మనిషి కాదు."

"లేని మనిషికి అన్ని టోకెన్లు, కన్నతల్లికి ఒక్కటీ లేదు. బావుందే నీ సమానత్వం!"

సర్వరమ్మ ఫోను వైపు వంగింది. "కాంపౌండరుగారూ, ఆ పేర్లు వదిలెయ్యండి. మా అమ్మను పంపిస్తున్నా, లోపలికి పంపెయ్యండి."

"టోకెన్ ఉందాండీ?"

"లేదు, అందుకేగా..."

"మరి గోడ మీద అలా రాసుంది కదండీ. ఇందాక ఒక పెద్దాయన ఏడ్చినంత పని చేశాడు. ఆయన్నే పంపలేదు, మీ అమ్మగారిని పంపితే న్యాయమా, మీరే చెప్పండి?"

న్యాయం కాదు. ఎంత వెతికినా ఆ మాటలో ఆమెకు లోపం దొరకలేదు.

కాపలాను ఆపేసి, పరీక్షమ్మలను తుడిచెయ్యబోయింది. తీసుకున్న టోకెన్ రద్దు కాదు. ఎవరూ మోసం చెయ్యకూడదని ఎంత పకడ్బందీగా కట్టిందంటే, కట్టిన తనకు కూడా దారి మిగల్లేదు. రద్దు చేసే సదుపాయాన్ని అప్పటికప్పుడు కొత్తగా రాసింది. రాసినదాన్ని తిన్నగా క్లినిక్కు మీద పెట్టకూడదని అప్పుడే బుద్ధి వచ్చింది కాబట్టి, ముందు తన కంప్యూటర్‌లో పెట్టి, నింపాదిగా, అన్ని విధాలా సరిచూసుకుంది. గోడ మీదున్న ఎండ కుర్చీ కిందికి దిగి గుమ్మంలోకి జరిగింది.

"అయ్యిందా తల్లీ?"

"అయిపోతోందమ్మా."

అయింది. పరీక్షమ్మలు మాయమయ్యారు. జాబితా కడిగిన పళ్లెంలా మెరిసింది. అమ్మ పేరు కొట్టగానే టోకెన్ వచ్చింది.

"వచ్చింది! నీదే మొదటి నంబరమ్మా!" అని కేకేసి, కాంపౌండరుకు ఫోను కలిపింది.

"డాక్టరుగారు ఇప్పుడే కారెక్కారండీ," అన్నాడు కాంపౌండరు. "చాలా నొచ్చుకున్నారు పాపం. ఇంతమంది పేర్లిచ్చి ఒక్కరూ రాలేదు, ఈ ఊరివాళ్లకు కళ్లంటే శ్రద్ధ లేదు, ఇక ఇటు రానన్నారు. మీ అప్లికేషన్ను మాత్రం మెచ్చుకున్నారండీ. పేర్లు దూరం నుంచి కూడా స్పష్టంగా కనిపిస్తున్నాయట."

అమ్మ లేచింది. సంచీ భుజానికి తగిలించుకుంది. గుమ్మం దగ్గర ఒక చెప్పు దొరికింది, రెండోదాని కోసం పాదంతో నేలంతా తడిమింది. మేనత్త వచ్చి, దాన్ని కాలి దగ్గరికి జరిపింది. గోడ పట్టుకుని మెట్లు దిగి, బస్సులు ఆగే మలుపు వైపు అమ్మ వెళ్లిపోయింది.

ఇలాంటివి జరిగినప్పుడు పద్ధతి ప్రకారం నివేదిక రాయాలి. సర్వరమ్మ పొట్టికాలు కుర్చీలో సర్దుకుని కూర్చుని, కారణం రాసింది, తీసుకున్న చర్యలు రాసింది. ప్రస్తుత పరిస్థితి అన్నచోట ఉన్నదున్నట్టు రాసింది: ఫిర్యాదుదారు అందుబాటులో లేనందున ఫిర్యాదు పరిష్కారమైనట్టుగా భావించి మూసివేయడమైనది.