నలుపు తెలుపు పటం

మోకాలి ఆపరేషన్‌కు తారీకు ఖాయం చేద్దామని కాఫీల దగ్గర మొదలైన వాదన గిన్నెలు కడిగే వేళకీ తెగలేదు. మామగారు ఆసుపత్రికి ఫోను కలపబోవడం, అత్తగారు అడ్డుపడటం. కొడుకు ఎవరి పక్షమూ చేరకుండా, కాలికే ఉన్న చెప్పులు వెతుక్కుంటున్నాడు.

"కోడలి పటం చూడకుండా నా కాలు ఎవరికీ అప్పగించను," అన్నారు అత్తగారు.

"పటం ఎందుకోయ్? మోకాలు ఎక్కడుందో తెలియకనా?" అన్నారు మామగారు.

ఆయన వెటకారం ఆవిడకు కొత్త కాదు. కోడలి ఉద్యోగం మాత్రం ఆవిడ కంటికి మహా గొప్పది. మందుల మీదా చికిత్సల మీదా ఎక్కడెక్కడో జరిగిన పరీక్షలన్నీ ఏరి, గడులు గీసి, ఒక్క పటంలో అమర్చే పని. ఏది ఏ బాధకు పనిచేసిందో రోగి కూడా ఒక్క చూపులో తెలుసుకోవచ్చు. మోకాళ్ల నొప్పుల పటం ఈమధ్యే పూర్తయింది. ఆఫీసు పని మీద ఊరు వెళ్తూ కోడలు దాన్ని అత్తగారి ఫోనుకు పంపి, వచ్చాక కూర్చుని చూద్దామంది.

ఆగడం అత్తగారి ఒంట్లో లేదు. అక్షరాలు చీమల్లా ఉన్నాయని జిరాక్సు షాపుకు వెళ్లి దుప్పటంత పటం తీయించుకొచ్చారు. రంగు సిరా అయిపోయిందని షాపతను నలుపులోనే తీశాడు. అక్షరాలు పెద్దవి కావాలన్నందుకు అడుగున ఉన్న వివరాల వరుస కత్తిరించేశాడు.

పటం ముందుగది గోడకెక్కింది. గడికో చక్రం. అందులో అన్నిటికన్నా పెద్ద చక్రం అయస్కాంతం పట్టీ గడిలో ఉంది. పెద్దది కాబట్టి అదే మేలైనదని అత్తగారు తేల్చి, ముందుగా తానే ఒకటి కట్టుకున్నారు. పక్కింటి లెక్కల టీచరు వచ్చి, స్కేలు పెట్టి కొలిచి మరీ ఔనన్నారు. "మా కోడలు గీసింది," అని ఆవిడ చెప్పే తీరుకే వినేవాళ్లకు సగం నొప్పి తగ్గేది. టీచరు కొన్నారు. టీచరుతో పొద్దున్నే నడిచేవాళ్లంతా కొన్నారు. మందుల షాపతను పటాన్ని ఫోటో తీసి గాజు తలుపుకు అంటించి, కింద కోడలి ఆఫీసు పేరు కూడా రాశాడు. సరుకు అయిపోయాక, దొరకనివాళ్లు సిఫారసు కోసం అత్తగారి గుమ్మంలో నిలబడ్డారు. వీధంతా పట్టీలు కట్టుకుంటే, అదంతా పిచ్చి అని నవ్వుతూ తిరిగింది మామగారొక్కరే.

కోడలు తిరిగొచ్చిన సాయంత్రం ఆమె వెనకే ఆఫీసు పెద్దాయన కూడా వచ్చారు. షాపు తలుపు మీద తమ పేరు చూశారట. కోడలు గోడవైపు చూసి, చేతిలో సంచి కింద పెట్టడం మర్చిపోయింది.

"అత్తయ్యా, చక్రం పెద్దదంటే పరీక్షలు ఎక్కువ జరిగాయని. మేలు చేసిందో లేదో రంగు చెప్తుంది. చేస్తే పచ్చ. ఈ పట్టీది ఎరుపు."

"అంటే?"

"బోలెడుమంది కట్టుకుని చూశారు. తేడా ఏం కనపడలేదు."

అత్తగారు కుర్చీలో కూలబడ్డారు. మోకాలి సంగతి దేవుడెరుగు, తన మూలంగా కోడలి ఉద్యోగానికే ఎసరొచ్చిందని ఆవిడ భయం. తప్పంతా తనదేననీ, అమ్మాయి ఊళ్లోనే లేదనీ పెద్దాయనకు చెప్పుకున్నారు.

పెద్దాయన పటం ముందునుంచి కదల్లేదు.

"ఎంతోమంది డాక్టర్లకి చూపించామండీ. అందరూ బావుందన్నారు. రంగు పోతే అర్థం తలకిందులవుతుందని ఒక్కరికీ తట్టలేదు," అన్నారు చివరికి.

ఆ తరవాత ఆయనా అత్తగారూ గోడ దగ్గరే కుర్చీలు వేసుకుని ఏవో మాట్లాడుకున్నారు. షాపు తలుపు మీది కాగితం దారిలో తానే చింపేస్తానని చెప్పి ఆయన వెళ్లారు.

రాత్రి భోజనాల దగ్గర అందరికీ వడ్డించాక, అత్తగారు గొంతు పెంచకుండా చెప్పారు.

"రంగుల పటం అమ్మాయితో కూర్చుని చూశాను. వ్యాయామం పచ్చగా ఉంది. ముందు అది చేస్తా. తగ్గకపోతే ఆపరేషనే, తారీకు మీరే వేయించండి. ఇంకో మాట. సోమవారం నుంచి కోడలితో ఆఫీసుకి వెళ్తున్నాను, పెద్దాయన రమ్మన్నారు. ఏ పటమైనా బయటికి వదిలేముందు నేనోసారి తప్పుగా చదివిపెట్టాలట."

కోడలు ఆవిడ కంచంలో ఇంకో గరిటె అన్నం పెట్టింది.

మామగారు బల్ల కిందికి వంగి, పంట్లాం పైకి లాక్కుని, పట్టీ విప్పుకున్నారు.